గడప ముందు మాట్లాడేది ఎమ్మెల్యేనా, పార్టీయా, ప్రభుత్వమా?

విజయవాడ సింగ్‌నగర్‌లో పింఛను తీసుకునే ఒక పెద్దావిడకు నెలరోజుల్లో ఎన్ని రాజకీయ కబుర్లు చేరతాయో చూడండి. ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి, వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెడతాడు. వెంట వచ్చిన వార్డు నాయకుడు సెల్‌ఫోన్ తీసి "అమ్మా, కాస్త ఇటు చూడండి" అని ఫొటో తీస్తాడు. ఓ మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది. ఎత్తితే, ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి నొక్కమని, బాగాలేకపోతే రెండు నొక్కమని రికార్డు గొంతు. వీధి మొగలో ఫ్లెక్సీ. మనవడి వాట్సాప్‌లో అవతలి పార్టీ వీడియో. పక్కింటి పెళ్లికి ఎమ్మెల్యే వచ్చి, అక్షింతలు వేసి, ఐదు నిమిషాల్లో ఇంకో పెళ్లికి వెళ్లిపోతాడు.

ఆవిడ లెక్కలో ఇవన్నీ "వాళ్ల" మాటలే. చట్టం లెక్క, డబ్బు లెక్క వేరు. కార్పొరేషన్ ఎన్నికల ఊసు వస్తే చాలు, విజయవాడలోని 64 డివిజన్లలో, గుంటూరులోని 57 డివిజన్లలో ఈ కబుర్ల జోరు పెరుగుతుంది. వాటిలో ఏది ఎవరి మాట, ఎవరి డబ్బుతో చెబుతున్న మాట అన్నది విడదీసి చూస్తే చాలా గందరగోళం తగ్గుతుంది.

ఒకే మనిషి, మూడు హోదాలు

గెలిచిన నాయకుడు మూడు హోదాల్లో మాట్లాడతాడు. పార్టీ మనిషిగా ఓటు అడుగుతాడు. ఆ ఖర్చు తనదీ, పార్టీదీ. ప్రజాప్రతినిధిగా ఫిర్యాదు వింటాడు, అధికారికి లేఖ రాస్తాడు, సభలో ప్రశ్న వేస్తాడు. అధికార పక్షంలో ఉంటే ప్రభుత్వం తరఫున పథకాల గురించి చెబుతాడు. అక్కడ పథకం డబ్బూ ప్రచారం డబ్బూ రెండూ ఖజానావే.

ఈ మూడూ ఎంతగా కలిసిపోతాయో చెప్పడానికి రెండు కార్యక్రమాలు చాలు. 2022 మేలో వైఎస్సార్‌సీపీ హయాంలో "గడప గడపకు మన ప్రభుత్వం" మొదలైంది. ఎమ్మెల్యే సచివాలయ సిబ్బందిని వెంటేసుకుని ఇంటింటికీ వెళ్లి, ఆ కుటుంబానికి ఏ పథకంలో ఎంత అందిందో చెప్పాలి. జనం రోడ్డో, కాలువో అడిగితే చేయించడానికి ఒక్కో సచివాలయం పరిధికి 20 లక్షల రూపాయలు కేటాయించారు. అది ప్రభుత్వ కార్యక్రమం. 2025 జూలైలో తెలుగుదేశం ఎమ్మెల్యేలు, కార్యకర్తలు "సుపరిపాలనలో తొలి అడుగు" అంటూ ఇంటింటికీ తిరిగారు. ఇది పార్టీ కార్యక్రమం. గుమ్మంలో నిలబడి చూసేవాళ్లకు రెండింటికీ తేడా కండువా రంగే. అదే నమస్కారం, అదే కరపత్రం, "ఏమ్మా, అన్నీ అందుతున్నాయా?" అన్న అదే పలకరింపు.

ముఖం, పని, వైఖరి

ఎన్నికైనవాళ్లు ఓటర్లతో చెప్పే మాటల్ని రాజనీతి శాస్త్రంలో మూడు రకాలుగా విడదీస్తారు. అమెరికా చట్టసభను చూసి 1974లో చేసిన విభజన ఇది. మనకూ బాగానే అతుకుతుంది, ఒక్కచోట తప్ప.

మొదటిది, పేరూ ముఖమూ జనానికి గుర్తుండేలా చూసుకోవడం. పుట్టినరోజు ఫ్లెక్సీలు, సంక్రాంతి శుభాకాంక్షలు, పెళ్లిళ్లకూ పెద్దకర్మలకూ హాజరు ఇందులోకి వస్తాయి. బెంజి సర్కిల్ చుట్టుపక్కల కట్టే ఫ్లెక్సీల్లో ఒక్క వాగ్దానం కూడా కనబడదు. పై వరుసలో అధినేత, మధ్యలో ఎమ్మెల్యే, కింద తపాలా బిళ్లల్లా ఇరవై చిన్న ముఖాలు. ఆ చిన్న ముఖాలే అసలు సంగతి. ఫ్లెక్సీకి డబ్బు పెట్టింది వాళ్లు, చూడాల్సింది ఎమ్మెల్యే. ఓటరు కోసం కట్టినట్టు కనిపించే బొమ్మ చాలాసార్లు కింది నాయకుడు పై నాయకుడికి పంపుకునే కబురు.

రెండోది, జరిగిన పని తనవల్లే జరిగిందని చెప్పుకోవడం. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన అయింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు. 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. అప్పటి ముఖ్యమంత్రి జగన్. రెండు కార్యక్రమాల్లోనూ కేంద్ర మంత్రి గడ్కరీ ఉన్నారు. మొదలుపెట్టింది మేమని టీడీపీ, పూర్తిచేసింది మేమని వైఎస్సార్‌సీపీ, కేంద్రం లేకుండా జరిగేదా అని బీజేపీ. ముగ్గురిదీ అబద్ధం కాదు, ఎవరి మాటా పూర్తి నిజమూ కాదు. కృష్ణలంక రక్షణ గోడ విషయంలోనూ ఇదే వాదన. 2024 సెప్టెంబరు వరదలో ఆ గోడ కృష్ణలంక, రాణిగారితోట ఇళ్లను కాపాడుతున్నప్పుడే, అది ఎవరి గోడ అన్న పోట్లాట సోషల్ మీడియాలో నడిచింది.

ఇలాంటి వాదన వినబడితే పనిని నాలుగు ముక్కలు చేసి చూడవచ్చు: మంజూరు ఎవరిది, నిధులు ఎవరివి, పని చేయించిన శాఖ ఏది, ఎవరి హయాంలో ఎంత భాగం అయింది. గుంటూరు శంకర్‌విలాస్ దగ్గర కొత్త రైల్వే వంతెన కేంద్ర నిధులతో వస్తోంది. దాని కింద మురుగు, పక్క రోడ్ల తలనొప్పి కార్పొరేషన్‌ది. నిధుల మాట ఎంపీ చెబితే సబబే. ట్రాఫిక్ తిట్లు మాత్రం దగ్గర్లో దొరికే కార్పొరేటర్‌కు తగులుతాయి.

మూడోది వైఖరి చెప్పడం: ఫలానా బిల్లును సమర్థిస్తున్నాను, ఫలానాదాన్ని వ్యతిరేకిస్తున్నాను అనడం. మనకు అతకని చోటు ఇదే.

ఎమ్మెల్యే సొంత అభిప్రాయం ఎందుకు వినబడదు

1985లో 52వ రాజ్యాంగ సవరణతో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్‌కు, అంటే ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా సభలో ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. టికెట్ ఇచ్చేదీ అధినేతే. కాబట్టి రాజధాని మీదైనా, కరెంటు ఛార్జీల మీదైనా ఎమ్మెల్యేకు పార్టీ వైఖరిని మించిన వైఖరి ఉండటం కష్టం. విధానం గురించి విడిగా చెప్పడానికి ఏమీ లేనప్పుడు అతని దగ్గర మిగిలేది హాజరు, పలకరింపు, పని చేసిపెట్టడం.

మన ఊళ్లలో ఎమ్మెల్యేను మెచ్చుకునే మాటలు గమనిస్తే ఇది తెలుస్తుంది. "ఫోన్ ఎత్తుతాడు", "మంచికీ చెడుకీ వస్తాడు", "పలికే మనిషి". తిట్టే మాట కూడా అదే దారిది: "గెలిచాక ముఖం చాటేశాడు". ఫలానా బిల్లు మీద బాగా మాట్లాడాడు అన్న మెప్పు నేను టీ కొట్ల దగ్గర అరుదుగా విన్నాను. పేపర్ల రంగు మీద మాత్రం గంటల కొద్దీ చర్చ జరుగుతుంది. 1960లో ఆంధ్రజ్యోతి పుట్టిన ఊరు విజయవాడ. ఇక్కడి పాఠకుడికి సాక్షి జగన్ కుటుంబానిదని తెలుసు, ఈనాడు, ఆంధ్రజ్యోతిలను వైఎస్సార్‌సీపీ ఏమని పిలుస్తుందో తెలుసు. రెండు పేపర్లు చదివి, మధ్యలో ఎక్కడో నిజం ఉంటుందని లెక్క వేసుకోవడం చాలామందికి అలవాటు.

లేఖ, చెక్కు: హక్కా, దయా?

ఎమ్మెల్యే కార్యాలయం ముందు ఉదయం కూడే జనంలో విధానాల గురించి అడగడానికి వచ్చేవాళ్లు తక్కువ. తిరుమల బ్రేక్ దర్శనానికి సిఫార్సు లేఖ కావాలి. ఆసుపత్రి బిల్లుకు ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు మీద సంతకం కావాలి. ఆపరేషన్ ఇంకా జరగకపోతే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం. ఇంటి పట్టా, బదిలీ, కాలేజీ సీటు. పీఏ ఒక్కొక్కరి కాగితం తీసుకుని, పైన ఫోన్ నంబరు రాయించి, శాఖల వారీగా సర్దుతాడు. నెలల తర్వాత సహాయనిధి చెక్కు వచ్చినప్పుడు దాన్ని ఎమ్మెల్యేనే పిలిచి చేతికిస్తాడు, ఫొటో తప్పనిసరి. 2024 గెలుపు తర్వాత లోకేశ్ ఉండవల్లి నివాసంలో మంగళగిరి జనం కోసం మొదలుపెట్టిన ప్రజాదర్బార్‌కు కొద్దిరోజుల్లోనే రాష్ట్రం నలుమూలల నుంచీ రావడం మొదలైంది.

దీని మీద రెండు అభిప్రాయాలు బలంగా ఉన్నాయి. ప్రభుత్వ సొమ్మును నాయకుడి చేత్తో ఇప్పించడం వల్ల హక్కు కాస్తా దయగా మారుతుందనీ, దరఖాస్తు నేరుగా చేసుకున్నవాడికి అందనిది లేఖ తెచ్చినవాడికి అందితే అది పాలనే కాదనీ ఒక వాదన. కార్యాలయాల్లో పేదవాడి మాట వినే నాథుడు లేనప్పుడు ఎమ్మెల్యే ఇల్లే ఆఖరి కౌంటరు, దాన్ని మూసేస్తే నష్టపోయేది పేదవాడేనని మరో వాదన. సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునే పద్ధతి ప్రభుత్వాలు మారినా పేరు మార్చుకుని నడుస్తూనే ఉంది. అదే సోమవారం ఎమ్మెల్యే ఇంటి ముందు వరుస కూడా తగ్గలేదు. రెండో వాదనకు బలం ఇస్తున్నది ఆ వరుసే.

బుడమేరు వాగు వరద ఈ తగవును పెద్ద తెర మీద చూపించింది. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు చంద్రబాబు విజయవాడ కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. డ్రోన్లతో ఆహారం పంపారు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు. ముఖ్యమంత్రి ఎదుట నిలబడితే గానీ యంత్రాంగం కదలదని సమర్థించేవాళ్లు అన్నారు. ముందస్తు హెచ్చరిక ఇవ్వడంలో వైఫల్యాన్ని కప్పిపుచ్చే ప్రచారమని ప్రతిపక్షం అంది. సింగ్‌నగర్ నీళ్లలోకి జగన్ దిగినప్పుడు అదీ ఫొటో కోసమేనని ఇవతలివాళ్లు అన్నారు. సాయపడటం, కనబడటం ఒకే పనిలో ఉన్నప్పుడు వాటిని విడదీసే తూకం ఎవరి దగ్గరా లేదు.

పింఛను అంకె ఎలా మాట్లాడుతుంది

రాష్ట్రంలో అత్యంత బలమైన ప్రచార సాధనం ఏదంటే నేను పింఛను అంకె అంటాను. వైఎస్ హయాంలో 75 నుంచి 200 అయింది. 2014 తర్వాత చంద్రబాబు వెయ్యి చేశారు, 2019 ఎన్నికల ముందు రెండు వేలు చేశారు. జగన్ 2,250తో మొదలుపెట్టి అంచెలంచెలుగా 2024 జనవరికి 3,000కు తెచ్చారు. అంచెలంచెలుగా పెంచడంలో ఒక లాభం ఉంది, ప్రతి పెంపూ ఒక కొత్త వార్త. ఒకేసారి పెంచడంలో ఇంకో లాభం ఉంది, షాక్.

2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి హామీ 4,000, అదీ ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ప్రభుత్వం ఏర్పడింది జూన్‌లో. జూలై 1న ఇవ్వాల్సినది ఇలా తేలింది: జూలైకి 4,000, ఏప్రిల్, మే, జూన్ నెలల తేడా వెయ్యి చొప్పున 3,000, మొత్తం 7,000. మంగళగిరి నియోజకవర్గంలోని పెనుమాకలో ఒక ఇంటికి ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి ఇచ్చారు.

బ్యాంకు ఖాతాలో వేస్తే పోయేదానికి మనిషిని పంపడం ఎందుకు? మంచం దిగలేనివాళ్లకు, ఏటీఎం వాడటం రానివాళ్లకు ఇంటికి తెచ్చివ్వడం నిజంగా మేలు. దాంతోపాటే, ఖాతాలో పడిన డబ్బుకు ముఖం ఉండదు, చేతికి వచ్చిన డబ్బుకు ఉంటుంది. పింఛను, పథకాలను ఇంటికి చేర్చిన వాలంటీరు వ్యవస్థ మీద గొడవంతా ఈ ముఖం గురించే. 2019 ఆగస్టు 15న మొదలై 50 ఇళ్లకొకరు చొప్పున సుమారు 2.6 లక్షల మందితో నడిచింది. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాళ్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచమంది. ఎండల్లో వృద్ధులు సచివాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కారణం మీరంటే మీరని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. కూటమి వచ్చాక వాలంటీర్లు లేరు, ఇంటికి పింఛను మాత్రం ఆగలేదు. ఆ అలవాటును వెనక్కి తీసుకునే సాహసం ఏ పార్టీకీ లేదు.

ప్రచారం తిరగబడినప్పుడు

ముఖం ఎక్కువైతే ఏమవుతుందో పట్టాదారు పాసుపుస్తకం చెప్పింది. భూముల రీసర్వే తర్వాత ఇచ్చిన పుస్తకాల మీద జగన్ ఫొటో వేశారు. తాతల నాటి పొలం కాగితం మీద ఆయన బొమ్మ ఏమిటన్న ప్రశ్న, భూ యాజమాన్య హక్కు చట్టం మీద అనుమానంతో కలిసి 2024 ఎన్నికల్లో పెద్ద ప్రచారాంశమైంది. భూములు లాక్కుంటారన్నది అబద్ధపు ప్రచారమని వైఎస్సార్‌సీపీ వాదన. కేంద్రం సూచించిన నమూనానే తాము తెచ్చామంది. వివాదాలు కోర్టు చేతి నుంచి అధికారుల చేతికి పోతాయన్నది టీడీపీ వాదన. చట్టం పాఠం ఎంతమంది చదివారో గానీ ఫొటోను అందరూ చూశారు. కూటమి ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దుచేసి, రాజముద్రతో కొత్త పుస్తకాలు ఇస్తామంది.

అంతకుముందు పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేయడం మీద గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పిటిషన్‌పై 2020 మార్చిలో హైకోర్టు వాటిని తొలగించమంది; సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ప్రభుత్వ ప్రకటనల్లో ఫొటోల మీద 2015లో సుప్రీంకోర్టు గట్టి పరిమితి పెట్టి, 2016లో ముఖ్యమంత్రులకు, మంత్రులకు సడలించింది. పేపర్ మొదటి పేజీ నిండా ముఖ్యమంత్రి నవ్వు చూసినప్పుడు గుర్తుంచుకోవాల్సిన సడలింపు అది.

కార్తీకమాసం, కుల సమ్మేళనం

కార్తీక వనభోజనాలు కులాలవారీగా జరగడం ఇక్కడ కొత్త కాదు. ఉసిరి చెట్టు కింద పులిహోర తింటూనే "మనవాడికి టికెట్" మాట నడుస్తుంది. ఇది చట్టానికి విరుద్ధమా? ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం కులం, మతం, భాష పేరుతో ఓటు అడగడం అవినీతికర చర్య. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 4–3 తేడాతో ఈ నిషేధాన్ని విస్తరించి, అభ్యర్థి కులమతాలే కాదు, ఓటరు కులమతాల పేరుతో అడిగినా తప్పేనంది. అయితే సమ్మేళనానికి వెళ్లడం నేరం కాదు. "మన వర్గానికి భవనం కట్టిస్తా" అన్న మాట అభివృద్ధి హామీయా, కుల విజ్ఞప్తా అన్నది సందర్భాన్ని బట్టి కోర్టు తేల్చాల్సిందే. భోజనాల దగ్గర మైకు పట్టుకున్న నాయకులు ఓటు అన్న పదాన్ని పలకకుండా ఎంత జాగ్రత్తగా తప్పుకుంటారో చూడటం ముచ్చటగానే ఉంటుంది.

గుంటూరు రోడ్ షో ఖర్చు ఎవరి పద్దులో?

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు వరకే ఈ లెక్క. అంతకుముందు ఏడాదిగా కట్టిన ఫ్లెక్సీలు ఇందులో లేవు. పార్టీ ఖర్చుకు అసలు పరిమితే లేదు.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక పెద్ద నాయకుడు హెలికాప్టర్‌లో గుంటూరు వచ్చి బ్రాడీపేటలో రోడ్ షో చేశాడు. పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చిన స్టార్ క్యాంపెయినర్ల జాబితాలో పేరుంటే హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థుల పద్దులోకి రాదు. వాహనాలు, మైకులు, జెండాలకు 12 లక్షలైంది. వాహనం మీద గుంటూరు తూర్పు, పశ్చిమ అభ్యర్థులు, ఎంపీ అభ్యర్థి నిలబడితే తలా 4 లక్షలు వారి ఖాతాల్లో పడతాయి. ఒక్క సాయంత్రంతో అసెంబ్లీ అభ్యర్థి పరిమితిలో పదోవంతు హరించుకుపోయింది. అభ్యర్థులు పక్కన లేకుండా, వాళ్ల పేర్లూ ఫొటోలూ లేకుండా నాయకుడొక్కడే చేయి ఊపితే ఆ 12 లక్షలూ పార్టీ ఖాతాలోకి పోతాయి.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు సభలు, టీవీ ప్రచారం ఆగాలి. ఇంటింటికీ తిరగడం ఆగదు. మన ఊళ్లలో అసలు కథ ఆ రెండు రాత్రుల్లోనే జరుగుతుందని అందరికీ తెలుసు.

మిస్డ్ కాల్ ఇస్తే ఏం ఇచ్చినట్టు?

2023 ఏప్రిల్‌లో వైఎస్సార్‌సీపీ వాళ్లు "మా నమ్మకం నువ్వే జగన్" అన్న స్టిక్కర్లు ఇళ్ల తలుపులకు అంటించి, ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వమన్నారు. స్టిక్కర్ వీధికి చెప్పే మాట. మిస్డ్ కాల్ మాత్రం మీ ఫోన్ నంబరును పార్టీకి చేరవేస్తుంది. ఫలానా ఇల్లు, ఫలానా బూత్, అనుకూలం. రెండో పార్టీ కూడా ఇందులో వెనకబడి లేదు. 2019 మార్చిలో టీడీపీ సేవామిత్ర యాప్ తయారుచేసిన సంస్థ మీద ఓటర్ల డేటా దుర్వినియోగం ఆరోపణతో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. టీడీపీ ఆ ఆరోపణను ఖండించింది. 2023లో వాలంటీర్లు సేకరించే వివరాల మీద పవన్ కల్యాణ్ ఆరోపణ చేశారు, వైఎస్సార్‌సీపీ ఖండించింది. అధికారంలో ఉన్నవాళ్ల చేతిలో డేటా ఉంటే అవతలివాళ్లకు భయం, స్థానాలు మారగానే భయమూ చేతులు మారుతుంది.

2025 జనవరి 30న మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవ 161 సేవలతో వచ్చింది. సర్టిఫికెట్లు, బిల్లులు, ఫిర్యాదులు ఫోన్‌లోనే. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పిందన్నది కళ్లముందున్న లాభం. అదే దారిలో ప్రభుత్వ సందేశాలూ ఇంట్లోకి వస్తాయి కాబట్టి, సేవకూ ప్రచారానికీ గీత ఎవరు గీస్తారన్నది మిగిలిన ప్రశ్న.

ఇంత చెబితే ఓట్లు పడతాయా?

2019లో చంద్రబాబు పసుపు–కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు పది వేల చొప్పున పోలింగ్ ముందు మూడు విడతల్లో ఇప్పించారు. ఫలితం 23 సీట్లు. 2024 నాటికి జగన్ ప్రభుత్వానికి ప్రతి ఇంటికీ మనిషి ఉన్నాడు, ప్రతి లబ్ధిదారుకూ లెక్క ఉంది, మేనిఫెస్టోలో 99 శాతం చేశామన్న నినాదం ఉంది. ఫలితం 11 సీట్లు. 99 శాతం అంటే హామీల సంఖ్యలోనా, ఖర్చయిన డబ్బులోనా అని ఎవరైనా అడిగితే సమాధానం మారేది. మద్యనిషేధం, ఉద్యోగుల పాత పింఛను ఆ ఒక్క శాతంలో ఎలా పడతాయని ప్రతిపక్షం అడిగింది కూడా. కూటమిదీ అదే బాణీ. 2025 సెప్టెంబరు 10న అనంతపురంలో తమ ఆరు ప్రధాన హామీల పేరుతో "సూపర్ సిక్స్ – సూపర్ హిట్" సభ పెట్టేనాటికి ఉచిత బస్సు నడుస్తోంది, మహిళలకు నెలకు 1,500 హామీ మొదలుకాలేదు.

లబ్ధి అందుకున్నవాళ్లు ఓటేయరని దీని అర్థం కాదు. ఘోరంగా ఓడిన 2024లోనూ వైఎస్సార్‌సీపీకి సుమారు 39 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లు ప్రచారం నిలబెట్టినవే అంటారు కొందరు. రోడ్లు, ఉద్యోగాలు, రాజధాని విషయంలో కోపాన్ని ఏ స్టిక్కరూ కప్పలేకపోయింది అంటారు మరికొందరు. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో అమరావతి ఎంత పనిచేసింది, పథకం డబ్బు ఎంత పనిచేసింది అని వేరుచేసి చెప్పడం ఎవరికీ సులువు కాదు.

ఈ కష్టం అంకెల్లో చూడాలంటే విజయవాడ సెంట్రల్ చూడాలి. 2019లో అక్కడ వైఎస్సార్‌సీపీ అభ్యర్థి మల్లాది విష్ణు టీడీపీ అభ్యర్థి బొండా ఉమామహేశ్వరరావు మీద 25 ఓట్లతో గెలిచారు. అంత దగ్గరి పోటీలో ఒక పెళ్లికి వెళ్లడం, ఒక సహాయనిధి చెక్కు, ఒక అపార్ట్‌మెంటులో పంచిన ఓటరు స్లిప్పులు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే ఏ ఎమ్మెల్యే కూడా ఏ పలకరింపునూ వృథా అనుకోలేడు. ఐదేళ్ల తర్వాత అదే సీటులో ఉమా 68 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. మంగళగిరిలో 2019లో ఐదు వేల తేడాతో ఓడిన లోకేశ్ 2024లో 91 వేలకు పైగా తేడాతో గెలిచారు. మధ్యలో ఐదేళ్లు ఆయన ఆ నియోజకవర్గాన్ని వదలకుండా తిరిగారన్నది నిజం. ఆ ఏడాది రాష్ట్రమంతా ఒకే గాలి వీచిందన్నదీ నిజమే.